కర్పూరం ముట్టని సాక్షి

కడపలో ఇరవై ఎనిమిదేళ్లు, ఆ తరువాత కర్నూలులో పదేళ్లు వకీలుగా పనిచేశాను. మోకాళ్లు కోర్టు మెట్లకు ఒప్పుకోకపోవడంతో కిందటి ఏడాది మానేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవారు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి సలహా అడుగుతుంటారు. ఏ సెక్షన్ కింద ఏ పిటిషన్ వేయాలో వారికి నాకంటే బాగా తెలుసు. తెలియనిది ఫోనులో నిమిషంలో దొరుకుతుంది. వారు అడగనిది ఒకటుంది. ఎవరి తరఫున మాట్లాడుతున్నామో ఆ మనిషిని మనం ఎంతవరకు ఎరుగుదుము అన్న ప్రశ్న. దాని గురించి నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఒక్క కేసులో నేర్చుకున్నాను. అందులో తప్పు నాదే కాబట్టి దాచుకోకుండా రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు రాయలేదు.

నేను మొదట చదివింది రసాయన శాస్త్రం. ఒక కళాశాల ప్రయోగశాలలో రెండేళ్లు పనిచేసి, ఆ తరువాత లా చదివాను. అందువల్ల ఎవరేమి చెప్పినా కొలిచి చూడందే నమ్మని అలవాటు నాతోపాటు కోర్టుకు వచ్చింది. బార్ హాల్లో నన్ను 'సైన్సు' అని పిలిచేవారు. అది మెప్పా, ఎగతాళా అన్నది పిలిచేవారిని బట్టి ఉండేది. ఆ అలవాటు నాకు చాలా మేలు చేసింది. ఏమి కొలవాలో నాకు తెలుసునన్న గర్వాన్ని కూడా అదే ఇచ్చింది.

వకీలు అనే మాట

వకీలు అనే మాట మనకు ఉర్దూ మీదుగా వచ్చింది. ఒకరి బదులు నిలబడేవాడని దాని అర్థం. కర్నూలు నవాబుల కాలంలో దర్బారుకూ దర్బారుకూ మధ్య రాయబారం నడిపినవాణ్ణి కూడా వకీలనే అనేవారు. ఈస్టిండియా కంపెనీ కోర్టులు వచ్చాక అదే మాట నల్లకోటు తొడుక్కుంది. ఇంకా వెనుకటి ధర్మశాస్త్రాల్లో, వాదికి బదులుగా ప్రతినిధి నిలబడి వాదించవచ్చుననీ, అయితే గెలుపూ ఓటమీ పంపినవాడివేననీ ఉన్నట్టు చదివాను. మూలగ్రంథం నేను చూడలేదు. కనుక చదివానని మాత్రమే చెబుతున్నాను.

మన వృత్తి తన చరిత్రను తానే పొగుడుకుంటుంది. నేను మొదట చేరిన బార్ హాల్లో ఒక పెద్దాయన ఫోటో ఉండేది. స్వాతంత్ర్యోద్యమంలో కోర్టులను బహిష్కరించమని పిలుపు వచ్చినప్పుడు ఆయన తన వకీలు పట్టాను, సన్నదును, చించివేసి మళ్లీ కోర్టు గడప తొక్కలేదని ప్రతి ఆగస్టులోనూ చెప్పేవారు. పాత రికార్డు గదిని వేరే భవనానికి మార్చినప్పుడు కక్షిదారులు వకీళ్లకు అధికారమిస్తూ రాసిచ్చిన ఆ కాలపు వకాలతులు నేను తిరగేశాను. కొన్ని నెలల విరామం తరువాత ఆయన సంతకం మళ్లీ కనిపించింది. ఈ సంగతి ఒక పాత వకీలుతో అన్నాను.

"ఏమప్పా సైన్సు, ఫోటో దించమంటావా?" అన్నాడాయన.

"ఫోటో ఉండనీండి. ఉపన్యాసం మారిస్తే చాలు."

"ఆయప్ప తిరిగొచ్చింది దుడ్ల కోసమనుకుంటాండావేమో. ఆయప్ప లేకపోతే ఎంతమంది భూములు ఎక్స్‌పార్టీలో పోయింటాయో అదీ లెక్క జూడు."

ఆయన ఎందుకు తిరిగి వచ్చాడో రికార్డు చెప్పదు. డబ్బు కోసం కావచ్చు. తనను నమ్మి కూర్చున్నవారి కోసం కావచ్చు. కోర్టుకు రాకపోవడం ఆయనకు త్యాగమే. ఆయన కక్షిదారులకు మాత్రం అది ఓటమి. ఉద్యమాలు నడిపిన వకీళ్లనూ, రాజ్యాంగం రాసిన వకీళ్లనూ నేను తక్కువ చేయడం లేదు. అయితే ఏ కాలంలో చూసినా ఈ వృత్తిలో మారనిది ఒకటుంది. కేసు ఓడిపోయిన సాయంత్రం వకీలు ఇంటికి వెళ్లి అన్నం తింటాడు. ఓటమి మాత్రం ఇంకొకరి ఇంటికి వెళుతుంది.

మా సీనియర్

నేను పని నేర్చుకున్న సీనియర్ కమలాపురం దగ్గరి పల్లె రైతు కుటుంబంలో పుట్టినవాడు. నేలను చూసి సర్వే నంబరు చెప్పగలిగేవాడు. కక్షిదారు వస్తే జరిగినది మూడుసార్లు చెప్పించేవాడు. "మొదటిసారి చెప్పేది కోపం, రెండోసారి చెప్పేది అబద్ధం. మూడోసారికి ఓపిక చచ్చి చెప్తాడు చూడు, కేసు దాంట్లో ఉంటాది" అనేవాడు. ఇంతకు మించిన శిక్షణ నాకు ఏ న్యాయ కళాశాలలోనూ దొరకలేదు.

ఆయన నేర్పిన రెండో విద్య సాక్షులకు చెప్పిపెట్టడం. కోర్టు వెనుక క్యాంటీనులో సాక్షిని కూర్చోబెట్టి, ఏమి చూశావో కాక, ఏమి చూశానని చెప్పాలో నేర్పేవాళ్లం. ఒక పొలం గట్టు తగాదాలో మా సాక్షి ఉదయం ఎన్ని గంటలకు, ఏ దిక్కు నుంచి, ఎంత దూరం నుంచి చూశాడో అప్పగించినట్టు చెప్పాడు. అవతలి వకీలు నెమ్మదిగా, "ఆ పొద్దు గాలి ఏ దిక్కు నుంచి వీస్తాండెనో చెప్పు" అని అడిగాడు. మావాడు నా వైపు చూసి, "అది లాయరు సారు చెప్పల్యా" అన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది. బయటికి వచ్చాక సీనియర్, "గాలి సంగతి మరిచిపోవడం నా తప్పేలే" అన్నాడు. ఆయన దృష్టిలో తప్పు అంతవరకే. ఆయన నాకు అన్నం పెట్టిన మనిషి. ఈ విషయంలో మాత్రం ఆయన నాకు నేర్పినది తప్పని ఇప్పుడు నిస్సంకోచంగా చెబుతాను. ఆ రోజుల్లో చెప్పలేదు. నేనూ ఆ క్యాంటీనులో కూర్చున్నాను.

సందు

సొంతంగా ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక నేత ఊరి నుంచి సుంకులమ్మ అనే ఆమె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు. గుంట మగ్గం మీద నూలు చీరలు నేసి బతుకుతున్న ఇల్లు. ఆమెను నా దగ్గరకు తీసుకొచ్చినవాడు నా గుమాస్తా మస్తాన్. అతను ఆ ఊరి అల్లుడు.

ఆమె ఇంటికీ, మరిది పుల్లయ్య ఇంటికీ నడుమ ఒక పొడవాటి సందు ఉంది. నేతవారికి అటువంటి సందు ఎంత అవసరమో తెలియనివారికి ఒక మాట చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. అది ఇంట్లో జరిగే పని కాదు. ఒక పడుగంత పొడవు ఖాళీ నేల కావాలి. సందు పోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గం లేదు. పుల్లయ్య నేత మానేసి సిమెంటు దుకాణం పెట్టాడు. ఆ సందుకు గోడలు కట్టి సరుకు నిలవ చేసుకోవాలనుకున్నాడు.

"ఇల్లు పంచినప్పుడు సందు ఇద్దురిదీ, ఎవురూ గోడ లేపగూడదని మా మామ చెప్పినాడు సామీ" అంది సుంకులమ్మ.

"కాగితం రాశారా?"

"నోటి మాటే."

"ఆ మాట అన్నప్పుడు ఎవరెవరున్నారు?"

"మా మామ, మా అత్త, మా ఇంటాయన, మా మరిది, నేను. ముగ్గురు పోయినారు. నేనూ ఆయప్పా మిగిల్నాం."

"ఆయన ఒప్పుకోడు కదమ్మా."

"ఒప్పుకుంటే నీ కాడికెందుకొస్తాం సామీ."

మూడుసార్లు చెప్పించాను. మూడుసార్లూ ఒకే మాట, ఒకే వరస. నేను ఆ ఊరికి వెళ్లి టేపుతో సందు కొలిచాను. రెండు చివరలా పడుగు కొయ్యలు దిగేసే బెజ్జాల రాళ్లు పాతి ఉన్నాయి. కొయ్య రాపిడికి బెజ్జాల అంచులు నున్నగా అరిగాయి. ఒక రాయి పుల్లయ్య ఇంటి అరుగును ఆనుకునే ఉంది. ఆ రాళ్లు చాలాకాలంగా అక్కడ పడుగులు చాపుతున్నారని చెబుతాయి. మామ ఏమన్నాడో చెప్పవు. ఆ తేడా నాకు తెలుసు కాబట్టి, దావాలో ఆ రెంటినీ విడివిడిగా రాశాను. గోడ కట్టకుండా కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. అంతవరకు నా పనిలో లోపం లేదు.

ఒప్పందం

అవతలి వకీలు వెంకటరమణయ్య గారు నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఒక వాయిదా నాడు వరండాలో నన్ను ఆపారు.

"ఏమప్పా సైన్సు, ఎన్నేండ్లు నడుపుతావీ కేసును? మీ సుంకులమ్మ చౌడమ్మ గుళ్లో కర్పూరం ఆర్పి, మామ ఆ మాట అన్న్యాడని చెప్తే మావాడు సందు వదిలేస్తాడు. చెప్పకుంటే మీరు దావా ఎత్తేయండి. వారంలో తేలిపోతాది."

దేవత ముందు వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాట అబద్ధమైతే వంశానికి కీడని మా ప్రాంతంలో నమ్మకం. ఇది కేవలం ఊరి ఆచారమని అనుకోకండి. తెల్లవారు చేసిన పాత ప్రమాణాల చట్టంలోనే, అవతలివాడు ఫలానా విధంగా ప్రమాణం చేస్తే దానికి కట్టుబడతానని ఒక పక్షం ఒప్పుకుంటే, ఆ ప్రమాణమే తుది సాక్ష్యమయ్యేది. తరువాత వచ్చిన చట్టంలో ఆ సెక్షన్లు లేవు. అయినా వకీళ్లు ఆ అలవాటును వదలలేదు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టు జాయింట్ మెమో దాఖలు చేసి అదే పని నడిపించేవారు.

నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాను. నా లెక్కలో కర్పూరం ఒక కర్బన సమ్మేళనం. దాని మీద అరక్షణం చెయ్యి పెడితే కాలదు. ఆమె చెప్పేది నిజమని నాకు నమ్మకం కుదిరింది. నిజం చెప్పేవారికి ప్రమాణంలో పోయేదేముంది? ఏళ్లు పట్టే విచారణ వారంలో ముగుస్తుంది. పెద్దాయన తొందరపడి తన కేసును తానే పోగొట్టుకుంటున్నారనుకున్నాను.

ఆయన కాగితం తీస్తూ, "ఆ యమ్మను ఒక మాట అడగవా?" అన్నారు.

"వకాలతులో రాజీకి అధికారం ఉంది సార్" అన్నాను.

అప్పుడు ఆయన నవ్వారని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆయన నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని సంతకం పెట్టారు, అంతే. నేనూ పెట్టాను. సుంకులమ్మ ఆ రోజు కోర్టులో లేదు. ఇంటి దగ్గర మగ్గంలో ఉంది. జడ్జి మెమో నమోదు చేసి, ప్రమాణానికి తేదీ వేసి, దాన్ని చూసి నివేదిక ఇవ్వడానికి ఒక యువ వకీలును కమిషనరుగా నియమించారు.

"నా చెయ్యి నువ్వెట్లా ఇస్తివి"

మరునాడు మస్తాన్‌తో కలిసి ఆ ఊరు వెళ్లాను. శుభవార్త చెప్పినట్టు చెప్పాను. సుంకులమ్మ మగ్గం ఆపింది. కాళ్లు గుంటలోనే ఉన్నాయి.

"నేను కర్పూరం ముట్టను సామీ."

"నువ్వు చెప్పింది నిజమే కదమ్మా?"

"నిజమే. ఎన్నితూర్లడిగినా చెప్తా. కోర్టులో చెప్తా, నడివీధిలో చెప్తా. కర్పూరం మాత్రం ముట్టను."

"నిజానికి భయమెందుకు?"

"మా అత్త ఒకతూరి ముట్టింది. నిజానికే ముట్టింది. ఆ ఏడే ఇద్దురు బిడ్డలు పోయిరి. పోయేముందు మా యత్త నా చెయ్యి పట్టుకొని, ఈ ఇంట్లో ఆడది నిజానికైనా కర్పూరం ముట్టగూడదని మాట తీసుకునింది."

ఇటువంటి చోట నేను ఊరుకునేవాణ్ణి కాను. ఆ కాలంలో కలరా ఎన్ని ఇళ్లలో పిల్లలను తీసుకుపోయిందో, వారిలో ప్రమాణం చేయనివారు ఎందరో, ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని ఎందుకంటారో వివరంగా చెప్పాను. ఆమె ఓపికగా అంతా విన్నది.

"కలరానే అయింటాది సామీ. నువ్వు సదువుకున్నోనివి, నీ మాట కాదనను. నేను మా యత్తకు మాటిచ్చినా. కలరా అయినా మాట మాటే కదా."

నేను ఖండించినది ఆమె చెప్పని మాట. ప్రమాణం చేస్తే పిల్లలు పోతారని ఆమె వాదించలేదు. ఒక మనిషికి ఇచ్చిన మాట తప్పనని చెప్పింది. మాట తప్పని సాక్షి దొరకడం ఏ వకీలుకైనా అదృష్టం. నేను ఆ గుణాన్నే ఆమెకు అడ్డు పెట్టాను.

"అయినా నన్నొక మాట అడగకుండా నా చెయ్యి నువ్వెట్లా ఇస్తివి?" అని అడిగింది. గొంతు పెంచలేదు. ఆమె కోడలు తలుపు దగ్గర నిలబడి వింటోంది. నేను వకాలతు సంగతి ఎత్తలేదు.

తిరుగు బస్సులో మస్తాన్, "ఆ ఇంటి ఆడోళ్లు కర్పూరం ముట్టరని ఊరంతా ఎరుకే సార్" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"మీరు సందు పొడుగెంతని అడిగితిరి, చెప్తి. రాళ్లెవురు పాతినారని అడిగితిరి, చెప్తి. ఇది మీరు అడగల్యా."

ఊరంతటికీ తెలిసిన సంగతి ఆ అత్త కడుపునే పుట్టిన పుల్లయ్యకు తెలియకుండా ఉండదు. వెంకటరమణయ్య గారికి తెలుసో లేదో నేను చెప్పలేను. ఆయన బతికుండగా అడగలేదు.

సీనియర్ ఇచ్చిన సలహా

నిర్ణయించిన రోజున సుంకులమ్మ గుడికి వచ్చింది. మామ ఏమన్నాడో అందరి ముందూ చెప్పింది. కర్పూరం దగ్గరకు పోలేదు. ప్రమాణం చేయడానికి నిరాకరించినదని కమిషనరు రాశాడు. దావా కొట్టివేశారు. దానితోపాటు తాత్కాలిక ఉత్తర్వూ పోయింది. నాలుగో రోజుకు సందులో పునాది గాడి తవ్వడం మొదలైందని మస్తాన్ కబురు తెచ్చాడు. ఆమె మగ్గం మీద అప్పటికి సగం చీర ఉంది. అది అయిపోతే తరువాతి పడుగు చాపడానికి చోటు లేదు.

సీనియర్ దగ్గరకు వెళ్లాను. ఆయన అంతా విని, "ఎందుకంత కిందమీద పడతాండావు? మెమో దాఖలైన పొద్దు ఆమెకు జ్వరం, నీకు కబురు చెప్పలేకపోయిందని అఫిడవిట్ రాయి. డాక్టరు సర్టిఫికెట్ నేను తెప్పిస్తా. మనసు లేని జడ్జి కాదు, తిరగదోడుతాడు" అన్నాడు.

"ఆమె నిజానికే ప్రమాణం చేయదు సార్. అబద్ధపు అఫిడవిట్ మీద ఎట్లా చేస్తుంది?"

"అయితే ఇంకెవురు చేస్తారు?"

"నేను చేస్తాను."

"ఏమని?"

"కక్షిదారును అడగకుండా సంతకం పెట్టానని."

"ఇదో, ఇను. వకీలు తన తప్పు తానే రాసిస్తే ఆ కాగితం వాని వెంబడి చచ్చేదాకా తిరుగుతాది. రేపు బార్ కౌన్సిల్లో ఎవుడన్నా ఎత్తితే నేను అడ్డం రాలేను."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. నాకు అప్పుడు చిన్న పిల్లలు, అద్దె ఆఫీసు, కొద్దిపాటి కేసులు. రెండు రోజులు ఆలోచించాను. ఆ రెండు రోజులూ నేను వెతికినది ధైర్యం కాదు. సగం నిజంతో గట్టెక్కే వాక్యం ఏదైనా ఉందేమోనని చూశాను. చిత్తుకాగితాలు చాలా పాడుచేశాను. ప్రతి వాక్యంలోనూ ఎక్కడో ఒకచోట తప్పు ఆమె మీదికి జరుగుతోంది. చివరికి నాలుగు వాక్యాల అఫిడవిట్ రాశాను. అందులో నా తప్పు మాత్రమే ఉంది.

బోనులో

వకీలే సాక్షి అయిన కేసును ఆ వకీలు నడపరాదు. కనుక వకాలతు వదులుకున్నాను. రజియా అనే యువ వకీలు కేసు తీసుకుంది. అది ఆమెకు సొంతంగా వచ్చిన రెండో కేసో, మూడో కేసో. దావాను మళ్లీ తెరవమని అర్జీ వేసి, గాడి తవ్వకం ఆగేటట్టు మొదట ఉత్తర్వు తెచ్చి, తరువాత నా అఫిడవిట్ దాఖలు చేసింది. నన్ను ప్రశ్నించాలని వెంకటరమణయ్య గారు కోరారు. అలా నేను బోనెక్కాను.

బెంచి గుమాస్తా ప్రమాణం చదవబోతే, దేవుని పేరు లేకుండా చెబుతానన్నాను. అది చట్టం అందరికీ ఇచ్చిన హక్కు. నా అఫిడవిట్లన్నిటిలోనూ నేను దేవుని పేరు కొట్టేసేవాణ్ణి. ఆ హక్కును సుంకులమ్మ కూడా వాడుకోవచ్చునని ఆమెకు ఒక్కసారైనా చెప్పలేదన్న సంగతి ఆ కొయ్య కమ్మి పట్టుకుని నిలబడినప్పుడు గుర్తుకొచ్చింది.

"మీ కక్షిదారు చెప్పేది నిజమని మీకు తెలుసా?" అని అడిగారు వెంకటరమణయ్య గారు.

అది పదునైన ప్రశ్న. తెలుసునంటే నేను చూడనిదాన్ని చూశానని చెప్పినట్టు. తెలియదంటే ఆమె కేసు బలహీనపడుతుంది. రజియా తల ఎత్తి నా వైపు చూసింది.

"తెలియదు" అన్నాను. "ఆ మాట అన్నప్పుడు నేను లేను. ఆమె మాట మార్చలేదని మాత్రం తెలుసు. మెమో మీద సంతకం పెట్టేముందు నేను ఆమెను అడగలేదనీ తెలుసు."

"అడగమని నేను మీతో అన్నానా, లేదా?"

"అన్నారు."

ఆయన మరి ప్రశ్నలు వేయలేదు. ఆ చివరి ప్రశ్న ఎందుకు వేశారో నాకు ఈనాటికీ స్పష్టంగా తెలియదు. తన మీద మచ్చ పడకుండా చూసుకోవడానికి కావచ్చు. అయినా దాని జవాబు ఆయన కక్షిదారుకే నష్టం. ఆ సంగతి ఆయనకు తెలియదని నేననుకోను. జడ్జి నా వైపు తిరిగి, "దీని పర్యవసానం మీకు తెలుసు కదా?" అన్నారు. తెలుసునన్నాను. మెమో రద్దు చేసి దావాను మళ్లీ విచారణకు తీసుకున్నారు.

సుంకులమ్మ సాక్ష్యం నాడు నేను వెనుక బెంచీలో, కక్షిదారులు కూర్చునే చోట కూర్చున్నాను. ఆమె దేవుని పేరు లేకుండానే సత్యం చెబుతానని చెప్పి మొదలుపెట్టింది.

"గుళ్లో కర్పూరం ఎందుకు ముట్టలేదు? చెప్పేది అబద్ధం కాబట్టి కదా?" అని అవతలి నుంచి ప్రశ్న వచ్చింది.

"అబద్ధం చెప్పేదాన్నయితే కర్పూరానికేమి భయం సామీ? ఆ దినమే ముట్టి సందు తీసుకుందును."

తరువాత పుల్లయ్య వంతు. రజియా అతన్ని ఒకే ముక్క అడిగింది: "మీ వదిన అబద్ధాలాడే మనిషా?" జవాబు తెలియని ప్రశ్న వేయకూడదని మేమంతా నేర్చుకున్నాం, నేర్పాం. ఆమెకు ఇంకా ఎవరూ నేర్పలేదు. పుల్లయ్య బోను కమ్మి వైపు చూస్తూ నిలబడ్డాడు. జడ్జి రెండోసారి అడిగారు. సాక్షి సమాధానం ఇవ్వలేదని రాసుకున్నారు. ఆ మౌనానికి నేను అర్థం చెప్పను.

తీర్పు

మామ ఆ మాట అన్నాడని రుజువు కాలేదని జడ్జి రాశారు. సందు ఎవరిదో తేల్చలేదు. అయితే ఆ రాళ్లను బట్టి, వాటి అరుగుదలను బట్టి, ఊరివారి సాక్ష్యాన్ని బట్టి అక్కడ పడుగులు చాపుకునే హక్కు సుంకులమ్మ ఇంటికి చాలాకాలంగా ఉందనీ, దానికి అడ్డుగా ఏ కట్టడమూ లేపరాదనీ తీర్పు చెప్పారు. పుల్లయ్య అప్పీలు చేశాడు. అదీ నిలవలేదు.

ఈ తీర్పును నిజం గెలిచిందనడానికి ఉదాహరణగా చెప్పకండి. నిజం ఏమిటో ఆ కోర్టుకు తెలియలేదు. నాకూ తెలియదు. నా విషయానికి వస్తే, సీనియర్ చెప్పినట్టే జరిగింది. బార్ కౌన్సిల్‌కు ఎవరూ రాయలేదు కానీ, కొందరు కక్షిదారులు ఫైళ్లు వెనక్కి తీసుకున్నారు. బార్ హాల్లో కొంతకాలం 'ఒప్పుకోలు లాయరు' అన్నారు. రెండేళ్లు ఇల్లు గడవడం కష్టమైంది. మంచిపని చేసినవారికి మేలు జరుగుతుందని నేను మీకు హామీ ఇవ్వలేను. వకాలతు మీద వేసిన వేలిముద్ర మనకు అధికారం ఇస్తుంది. ఆ మనిషి మనసును ఇవ్వదు. దాన్ని ప్రతిసారీ వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. అడిగితే ఒక బస్సు ప్రయాణం, ఒక వాయిదా నష్టం. అంతకు మించి ఏమీ పోదు.

అప్పీలు తీర్పు నకలు రజియా తెప్పించింది. దాన్ని ఇచ్చి రావడానికి నన్ను పంపింది. నేను వెళ్లేసరికి ఎండ ఇంకా సందులోకి దిగలేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్లని పడుగు చాపి ఉంది. గాలిలో గంజి వాసన. సుంకులమ్మ ఒక పక్క, కోడలు ఒక పక్క కుంచె పట్టుకుని, వంగి, నూలు దువ్వుకుంటూ నా వైపే వస్తున్నారు. నేను కవరులోంచి కాగితాలు తీసి, అమ్మా అని పిలిచాను.

ఆమె తల ఎత్తలేదు. చెయ్యి ఆగలేదు.

"ఆ పక్కకు జరుగు సామీ. తడి ఆరిపోతాది."

నేను ఇంటి గోడకు ఆనుకుని నిలబడ్డాను. వారు నన్ను దాటి, పడుగు కొస దాకా వెళ్లి, మళ్లీ వెనుదిరిగారు.